ఆఠాణా ఒంట్లోకి దిగిన రూపాయి

"చారాణా కోడికి బారాణా మసాలా" అనే మాట హైదరాబాదులో ఇవాళ్టికీ వినబడుతూనే ఉంటుంది. ఆ మాట అన్నవాడి జేబు తడిమితే చారాణా, అంటే పావలా, ఉండదు. 2011 జూన్ 30 నుంచి పావలా, అంతకన్నా చిన్న బిళ్ళలన్నీ చెల్లకుండా పోయాయి. బారాణాకైతే నాణెమే లేదు, ఆఠాణా (అర్ధ రూపాయి) పక్కన చారాణా పెడితే అయ్యే లెక్క అది. అణాలు పోయి అరవై ఏళ్ళు దాటినా ఈ ఊరు ఇంకా అణాల్లోనే వెటకారం చేస్తుంది. జేబులో పైస లేని కాలంలో కూడా "పైసలున్నయా?" అనే అడుగుతుంది.

పాత ఇళ్ళలో ఆ పైసలు ఎక్కడికీ పోలేదు. బీరువా అడుగు అరలో, దేవుడి గూట్లో, కుట్టుమిషను సొరుగులో, ఏదో ఒక బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. పండగకు ఇల్లు దులిపినప్పుడు గలగలమని బయటపడతాయి. అందరూ చుట్టూ చేరతారు, "ఇది చిల్లి కాణీ, ఇది పావలా, ఇది పువ్వు బిళ్ళ" అంటూ ఒక్కొక్కటీ తీస్తారు. ఆ వెంటనే ఎవరో ఒకరు లేచి చింతపండు నానబెట్టడానికి వంటింట్లోకి వెళ్తారు. వాళ్ళని ఆపండి. ఎందుకో తర్వాత చెప్పుకుందాం. ముందు ఒక తెల్ల గుడ్డ పరిచి డబ్బా కుమ్మరించండి. ఒక అయస్కాంతం, ఒక భూతద్దం, గ్రాములో వందో వంతు దాకా చూపించే చిన్న కాటా దగ్గర పెట్టుకోండి. నగల దుకాణాల్లో వాడే రకం జేబు కాటా సరిపోతుంది.

హైదరాబాదు డబ్బాకీ, బెజవాడ డబ్బాకీ తేడా అడుగున తెలుస్తుంది. ఇక్కడ అడుగున చార్మినార్ ఉంటుంది. నిజాం రాజ్యం నాణెం అది, హాలీ సిక్కా అనేవారు. బ్రిటిష్ రూపాయిని కల్దారు అనేవారు. సికింద్రాబాద్ కంటోన్మెంటులో కల్దారు, మూసీ ఒడ్డున హాలీ. ఒకే ఊళ్ళో రెండు లెక్కలు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు. వంద కల్దార్లు కావాలంటే నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు (అణాకు పన్నెండు పైలు) హాలీలో చెల్లించాలి.

ఈ ఏడుకి ఆరు లెక్క ఎవరి పెత్తనమో అనుకునేవారు చాలామంది ఉన్నారు. కాటా మీద పెడితే జవాబు అక్కడే ఉంది. హాలీ రూపాయి బరువు 11.178 గ్రాములు, వెండి నూటికి 81.8 పాళ్ళు. అంటే అసలు వెండి 9.14 గ్రాములు. కల్దారు 11.66 గ్రాములు, వెండి 91.67 పాళ్ళు, అసలు వెండి 10.69 గ్రాములు. ఒకదాన్ని రెండోదానితో భాగించండి, 0.855 వస్తుంది. ఏడింట ఆరు 0.857. ఆ లెక్క వెండిలోనే ఉంది. కల్దారు సరిగ్గా తులం ఎత్తు ఉండటంవల్ల చాలా ఇళ్ళలో తూకం రాయిగా కూడా బతికింది.

చార్మినార్ బొమ్మతో మరనాణేలు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, హిజ్రీ 1321లో, అంటే 1903లో మొదలయ్యాయి. సైఫాబాదు టంకశాల కట్టింది కూడా ఆ 1903లోనే. అంతకు ముందువి చాలావరకు సుత్తితో కొట్టిన బిళ్ళలు. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది కాబట్టి అక్షరాలు సగమే పడేవి, తేదీ పడిందంటే అదృష్టం. 1857 దాకా వాటి మీద ఢిల్లీ పాదుషా పేరే ఉండేది, ఆ తర్వాత ఆసఫ్‌జాహీల పేరు వచ్చింది.

చార్మినార్ రూపాయి ఏ నిజాముదో తెలుసుకోవడానికి ఉర్దూ రానక్కర్లేదు. మధ్య గుమ్మంలోకి భూతద్దంతో చూడండి. అక్కడ ఒక అక్షరం నిలబడి ఉంటుంది. గుండ్రటి తల, కిందికి తోక ఉంటే 'మీమ్', మహబూబ్‌ది. రెండు వంపులు నోరు తెరిచినట్టు ఉంటే 'ఐన్', ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఇక తేదీ దగ్గర కొత్తవాళ్ళందరూ ఒకే గుంటలో పడతారు. నాణెం మీద మూడు అంకెలు ఉంటాయి. ఒకటి హిజ్రీ సంవత్సరం, ఒకటి పట్టాభిషేకం నుంచి ఎన్నో ఏడు అన్నది, మూడోది 92. ఈ 92 సంవత్సరం కాదు, మహమ్మద్ అన్న పేరుకు అక్షరాల విలువ కట్టి వేసిన అంకె. అమ్మకానికి పెట్టేవాళ్ళు దీన్ని చూసి "1892 నాణెం" అని రాయడం తరచూ కనబడుతుంది.

అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. నిలువు గీత ఒకటి, చుక్క సున్న, తలకిందులుగా పెట్టిన తమలపాకు ఐదు. ఏడూ ఎనిమిదీ ఒకటే ఆకారం, ఏడు పైకి తెరుచుకుంటుంది, ఎనిమిది కిందికి. తొమ్మిది మన తొమ్మిది కాదు గానీ ఇంగ్లీషు తొమ్మిదిలాగే ఉంటుంది. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన క్యాలెండరు సంవత్సరం వస్తుంది, ఒక ఏడాది అటూ ఇటూ. 1362 అని చదివారనుకోండి, 1943.

ఆ 1943 అన్నది ఊరికే చెప్పలేదు. యుద్ధం నడుస్తోంది, లోహం దొరకడం లేదు. కల్దారు వైపు కాణీకి నడుమ చిల్లి పెట్టారు. అదే మన చిల్లి కాణీ. ఇటు హాలీలో రెండు పైల బిళ్ళకూ అదే కాలంలో చిల్లి పడింది. రాజులు వేరు, లిపులు వేరు, రాగి కరువు ఒకటే. హాలీ అణా కూడా నలుపలకల కంచు బిళ్ళగా మారింది ఆ రోజుల్లోనే. వెండి రూపాయికీ అదే గతి. 1940 నుంచి కల్దారులో వెండి సగానికి పడిపోయింది, మిగిలిన సగం రాగి, నికెలు, జింకు. 1947 వచ్చేసరికి వెండి మొత్తం పోయి, పులి బొమ్మతో పూర్తి నికెలు రూపాయి వచ్చింది. అయస్కాంతం మొదటి పని ఇక్కడే. జార్జి రాజు తల ఉన్న రూపాయి అయస్కాంతానికి అతుక్కుంటే అది 1947ది, వెండి కాదు. అంతకు ముందు తేదీతో వెండి రూపాయి అతుక్కుందంటే మాత్రం దాన్ని అక్కడే వదిలేయండి, దొంగది.

చిల్లి కాణీల్ని బోల్టుల కింద వాషర్లుగా వాడుకున్నారు, మొలతాళ్ళకు కట్టారు. అందుకే చాలావాటి చిల్లి అంచు అరిగి వెడల్పయి ఉంటుంది. వెండి రూపాయలది ఇంకో బాధ. లంబాడా ఆడవాళ్ళ నగల్లో, పాత దండల్లో కొక్కెం అతికించి వేలాడదీశారు. కొక్కెం తీసేసి మెరుగు పెట్టినా, రాజు తల పైన అంచు దగ్గర అతుకు మచ్చ మిగులుతుంది. నాణెం కొనేటప్పుడు ముందు చూడాల్సింది ముఖం కాదు, ఆ పై అంచు. మచ్చ ఉంటే అది వెండి ధరకే పోతుంది.

ఒక సంగతి తెలుగువాళ్ళు గమనించాలి. బ్రిటిష్ కాలపు అణా, బేడ (రెండణాలు) బిళ్ళల మీద ఇంగ్లీషు, ఫారసీ, బెంగాలీ, నాగరి లిపులతోపాటు తెలుగు లిపిలో కూడా విలువ రాసి ఉంటుంది. భూతద్దం కింద మన గుండ్రటి అక్షరాలు చటుక్కున కనబడతాయి. నిజాం నోట్ల మీద కూడా మరాఠీ, కన్నడంతో పాటు తెలుగు ఉండేది. స్వతంత్రం వచ్చాక నాణెం మీద హిందీ, ఇంగ్లీషు మాత్రమే నిలిచాయి. రాజుల కాలంలో ఉన్న తెలుగు, ప్రజల కాలంలో బిళ్ళ దిగిపోయింది.

1950 ఆగస్టు 15న రాజు తల పోయి నాలుగు సింహాలు వచ్చాయి. రూపాయి, అర్ధ, పావలాల మీద గోధుమ కంకులు, బేడ, అణా, అర్ధణాల మీద ఎద్దు, కాణీ మీద గుర్రం. లెక్క మాత్రం పాతదే, రూపాయికి పదహారు అణాలు, అరవై నాలుగు కాణీలు. సైఫాబాదు టంకశాల కూడా ఆ ఏడే కేంద్ర ప్రభుత్వం చేతికి వెళ్ళింది. హాలీ మాత్రం వెంటనే పోలేదు. 1959 దాకా చెల్లింది.

అంటే ఏమైందంటే, 1957 ఏప్రిల్ 1న నయా పైసా వచ్చినప్పుడు హైదరాబాదు దుకాణదారుడి గల్లాపెట్టెలో మూడు లెక్కలు ఒకేసారి ఉన్నాయి. దేశమంతా రెండిటితో తల పట్టుకుంటే ఇక్కడ మూడు. రూపాయికి వంద నయా పైసలు, పదహారు అణాలు కాబట్టి అణాకు ఆరూపావు. పావు పైస ఎక్కడా లేదు. అందుకని సర్కారు పట్టిక వేసింది: అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25, ఐదణాలకు 31, ఆరుకు 37, ఏడుకు 44, అర్ధకు 50. సరిగ్గా సగం పడినచోట కిందికి దించారు, పన్నెండున్నర పన్నెండు అయింది. ఈ పట్టికలో కిటుకు ఉంది. అణా సరుకు నాలుగుసార్లు విడివిడిగా కొంటే ఇరవై నాలుగు పైసలు, ఒకేసారి పావలాకు కొంటే ఇరవై ఐదు. కొనేవాడు నాలుగుసార్లు వచ్చాడు. అమ్మేవాడు అణాకు ఏడు అన్నాడు. ఇక హాలీ అణా అయితే 5.36 నయా పైసలు. దాన్ని ఏ పట్టికలో ఇమడ్చాలి? గల్లాపెట్టె ముందు జరిగిన వాదులాటలు ఆ పాయింటు తర్వాతి అంకెల మీదే.

కొత్త లెక్క జనానికి ఎక్కాలని నాణెం మీదే పాఠం రాశారు. నయా పైస మీద హిందీలో 'రూపాయిలో నూరోవంతు' అని, ఐదు మీద 'ఇరవయ్యోవంతు' అని, పది మీద 'పదోవంతు' అని ఉంటుంది. చదువు రానివాళ్ళకు ఆకారమే చదువు. ఒకటి గుండ్రం, రెండు అలల అంచు, ఐదు మూలలు గుండ్రం చేసిన నలుపలక, పది మళ్ళీ అలల అంచే కానీ పెద్దది, పావలా అర్ధ గుండ్రం. చీకట్లో, జేబులో చెయ్యి పెట్టి, బిళ్ళ చూడకుండా ఐదో పదో చెప్పేవారు. 1964 జూన్ 1న 'నయా' మాట తీసేశారు. అప్పటికి పైస పాతబడింది మరి.

తర్వాతదంతా లోహం చెప్పిన కథే. అరవైల్లో ధరలు పెరిగాయి. బిళ్ళలో ఉన్న రాగి, నికెలు బిళ్ళ విలువను మించిపోయే పరిస్థితి వచ్చింది. అలా జరిగితే జనం నాణేన్ని ఖర్చు పెట్టరు, కరిగిస్తారు. 1964లో ఆరు పలకల మూడు పైసల అల్యూమినియం బిళ్ళతో కొత్త దారి మొదలైంది. బరువు 1.25 గ్రాములు. 1965లో పైస ముప్పావు గ్రాముకి దిగింది, ఫ్యాను గాలికి ఎగిరేది. ఒకప్పటి ఐదు నయా పైసలు 4 గ్రాముల రాగి నికెలు, 1967 నాటి ఐదు పైసలు గ్రామున్నర అల్యూమినియం. అదే ఆకారం, అదే పేరు, చేతిలో వేసుకుంటే వేరే జన్మ. రైలు గోదావరి వంతెన ఎక్కగానే కిటికీలోంచి విసిరినవాటిలో ఎక్కువ ఇవే.

ఆ మధ్యలో 1968లో ఇరవై పైసల ఇత్తడి బిళ్ళ వచ్చింది, తామరపువ్వు బొమ్మతో, 4.6 గ్రాములు. బజార్లో పెద్దగా నడవలేదు, 1971తో సరి. కానీ పూజగదిలో నడిచింది. తామర కాబట్టి లక్ష్మి, పచ్చగా ఉంది కాబట్టి బంగారం కలిసిందని పుకారు. అందులో ఉన్నది రాగి, జింకు, నికెలు. బంగారం రవ్వ కూడా లేదు. అయినా నూట ఎనిమిది పోగుచేసి శుక్రవారం పూజ చేసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అందుకే డబ్బాలో వీటికి కుంకుమ పట్టి ఉంటుంది.

ఇప్పుడు అసలు ముచ్చట. డబ్బాలో రూపాయి బిళ్ళలన్నీ ఏరి తేదీలవారీగా వరసలో పెట్టండి. 1962 నుంచి 1974 దాకా నికెలు, 10 గ్రాములు, 28 మిల్లీమీటర్లు. అయస్కాంతానికి అతుక్కుంటుంది. 1975 నుంచి రాగి నికెలు, 8 గ్రాములు, వెడల్పు అంతే, అతుక్కోదు. 1983 నుంచి 6 గ్రాములు, 26 మిల్లీమీటర్లు. 1992 నుంచి స్టీలు, 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు, మళ్ళీ అతుక్కుంటుంది. 2011 నుంచి 3.79 గ్రాములు, 22 మిల్లీమీటర్లు. 2019 వరసలో 20 మిల్లీమీటర్లు.

ఆ 2011 రూపాయి పక్కన 1988 నాటి స్టీలు ఆఠాణా పెట్టి చూడండి, పార్లమెంటు బొమ్మ ఉన్నది. 3.79 గ్రాములు, 22 మిల్లీమీటర్లు. ఒకటి మీద ఒకటి పెడితే అంచులు కలుస్తాయి. రూపాయి ఆఠాణా ఒంట్లోకి దిగింది. ఇది ఒక్కసారి జరిగిన పని కాదు. తొంభైల్లో వచ్చిన పదకొండు పలకల రెండు రూపాయల బిళ్ళ 6 గ్రాములు, 26 మిల్లీమీటర్లు. 1983 నాటి రూపాయి కొలతలే అవి. 2011 నాటి రెండు రూపాయలు 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు. అది 1992 నాటి రూపాయి. 2011 ఆఠాణా 19 మిల్లీమీటర్లు. అంత వెడల్పే ఖడ్గమృగం బొమ్మ ఉన్న స్టీలు పావలాది. 2019 రెండు రూపాయలు 23 మిల్లీమీటర్లు, అది అంతకు ముందు ఐదు రూపాయల వెడల్పు. మెట్లు దిగినట్టు పెద్ద నాణెం చిన్నదాని చొక్కా తొడుక్కుంటూ వచ్చింది. సిటీ బస్సు కండక్టర్లు రూపాయికి, రెండుకి తడబడింది అందుకే. ఆర్టీసీ సంచిలో వేళ్ళు నేర్చుకున్న కొలత రాత్రికి రాత్రే అబద్ధమయ్యేది. చిల్లర లేనప్పుడు టికెట్టు వెనక బాకీ రాసిచ్చినవాళ్ళే చిల్లర ఉన్నప్పుడు కూడా వెలుతుర్లోకి పట్టి చూడాల్సి వచ్చింది. 2007లో నాట్య హస్తముద్రల బొమ్మలు రావడం, రూపాయికి బొటనవేలు, రెండుకి రెండు వేళ్ళు, ఆ తికమకకు ఒక మందు. పూర్తిగా పనిచేయలేదు. వేలు చూపించాలంటే ముందు చూడాలి కదా.

ఐదు రూపాయల రాగి నికెలు బిళ్ళ, 9 గ్రాములది, దిట్టంగా ఉండేది. అది సరిహద్దు దాటి బ్లేడ్లయిపోతోందని వార్తలు వచ్చాయి. 2007 నుంచి 6 గ్రాముల స్టీలు అయింది. పది రూపాయల రెండు లోహాల బిళ్ళ ఇంకో కథ, 7.71 గ్రాములు, 27 మిల్లీమీటర్లు. గీతలు పది ఉంటే చెల్లుతుంది, పదిహేనుంటే చెల్లదని హైదరాబాదు కిరాణా కొట్లు కొన్నేళ్ళు సొంత చట్టం నడిపాయి. పద్నాలుగు రకాల బొమ్మలూ చెల్లుతాయని 2018లో రిజర్వు బ్యాంకు చెప్పింది. చెప్పినా కొన్ని కొట్లు వినలేదు. 2019 వరసలో చేరిన ఇరవై రూపాయల బిళ్ళ పన్నెండు పలకలది, 8.54 గ్రాములు. చూపు లేనివాళ్ళు వేళ్ళతో గుర్తుపట్టేలా వేశారు. 1957లో తెలిసిన సంగతే ఇది, మధ్యలో మరిచిపోయారు.

ఏ ఊళ్ళో అచ్చయిందన్నది సంవత్సరం కింద ఉంటుంది. గుర్తేమీ లేకపోతే కలకత్తా. వజ్రం ఆకారం ఉంటే బొంబాయి. గుండ్రటి చుక్క నోయిడా. మన హైదరాబాదు గుర్తు మారుతూ వచ్చింది. మొదట నడిమికి చీలిన వజ్రం, తర్వాత లోపల చుక్క ఉన్న వజ్రం, డెబ్భైల నాటికి ఐదు కొనల నక్షత్రం. ఇక్కడే పొరపాటు ఎక్కువ. అరిగిన నాణెం మీద చీలిన వజ్రం మామూలు వజ్రంలా కనిపిస్తుంది, హైదరాబాదు బిళ్ళ బొంబాయి పెట్టెలోకి పోతుంది. దీపాన్ని నాణేనికి పక్కనుంచి, ఏటవాలుగా పట్టాలి. నెత్తి మీద లైటు వేస్తే చీలిక నీడ పడదు, కనబడదు. నక్షత్రం కూడా కొనలు అరిగితే చుక్కే. అప్పుడు తేదీ చూడండి. నోయిడా టంకశాల పని మొదలైంది 1988లో, అంతకు ముందు తేదీతో నోయిడా చుక్క ఉండదు. కొన్నిటి మీద వింత గుర్తులు ఉంటాయి. దేశంలో చిల్లర కరువైనప్పుడు బయట కొట్టించినవి అవి. 1985 రూపాయి మీద ఇంగ్లీషు 'హెచ్' ఉంటే బర్మింగ్‌హామ్, 1988 పావలా, ఆఠాణాల మీద 'సి' ఉంటే కెనడాలోని ఒటావా, 1999 ఐదు రూపాయల మీద 'ఎంఎండి' ఉంటే మాస్కో. సైఫాబాదు పాత టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచారు, ఇప్పుడు కొట్టే పని 1997 నుంచి చర్లపల్లిలో. డబ్బా తీసుకెళ్ళి పోల్చుకోనివ్వరు గానీ, అచ్చులూ యంత్రాలూ చూస్తే చేతిలో బిళ్ళ ఎలా పుట్టిందో బోధపడుతుంది.

ఇక చింతపండు సంగతి. రాగి చెంబుకి చింతపండు మంచిదే, చెంబుకు ముఖం లేదు. నాణెం మీద ఏళ్ళుగా పట్టిన గోధుమ రంగు పొర దాని చర్మం. పులుపు ఆ పొరను తినేసి, కింది రాగిని గులాబీ రంగులో బయట పెడుతుంది. రెండు వారాల్లో అది మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. పీతాంబరి, టూత్‌పేస్టు, బూడిద, పీచు ఇంకా చెడ్డవి, వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి. తెలిసినవాడు ఒక్కసారి వాల్చి చూసి ధర సగానికి కోస్తాడు. వెండి మీది నలుపూ అంతే, వదిలేయండి.

మట్టి, జిడ్డు ఉంటే మాత్రం కడగాలి. నల్లా నీళ్ళు వద్దు, మన బోరునీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఆరాక తెల్ల చుక్కలు పడతాయి. ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి గాజు గిన్నెలో ఒక రోజు నానబెట్టండి, నీళ్ళు మురికైతే మార్చండి. తీశాక మెత్తని నూలుగుడ్డ మీద పెట్టి పైనుంచి అద్దండి, రుద్దొద్దు. ఒక పూట ఆరనివ్వండి. పసుపు మరక, ప్లాస్టిక్ కవరు జిగురు నీళ్ళకు పోవు. వాటికి స్వచ్ఛమైన అసిటోన్, గాజు గిన్నెలో ఐదు పది నిమిషాలు, కిటికీ తెరిచి, దీపం, పొయ్యి దగ్గర లేకుండా. గోళ్ళ రంగు తుడిచే మందు దానికి బదులు కాదు, అందులో నూనె, వాసన కలుపుతారు. రాగి, కంచు మీద ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటే మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్‌లో వారం నానేసి, పళ్ళపుల్లతో మెల్లగా గీకాలి. సూది వద్దు. చిలుము కింద గుంట పడి ఉంటే అది మీరు చేసింది కాదు, ముందే తినేసింది.

అల్యూమినియం బిళ్ళలకు ఈ ఓపిక కూడా లేదు. చింతపండు తింటుంది, చాకలిసోడా ఇంకా వేగంగా తింటుంది. సున్నం తగిలిన కుంకుమ తడిస్తే చాలు, తెల్ల పొడి రాలి ముఖం గుంటలు పడుతుంది. వాటిని రాగి బిళ్ళలతో కలిపి ఒకే డబ్బాలో ఉంచకూడదు. వానాకాలం తేమకి రెండు లోహాలు తగులుకుని ఉంటే అల్యూమినియం ముందు పోతుంది. పాత డబ్బాల్లో పైస, రెండు పైసలు అంత ఘోరంగా ఉండటానికి సగం కారణం ఆ సహవాసమే.

దాచడానికి మెత్తగా, కొత్త బొమ్మ వాసన కొట్టే ప్లాస్టిక్ ఆల్బములు వద్దు, రెండు మూడేళ్ళలో పచ్చటి జిగురు ఊరుతుంది. గట్టిగా, వాసన లేకుండా, వంచితే చిటపటమనే పాలిస్టర్ కవర్లు, లేదా నడుమ కిటికీ ఉన్న అట్ట మడతలు మేలు. అట్టకు పిన్ను కొట్టాక దాని కాళ్ళు ప్లయరుతో చదును చేయాలి, లేకపోతే పక్క నాణేన్ని గీస్తుంది. వెండి దగ్గర రబ్బరు బ్యాండు పెట్టొద్దు, గంధకంతో చుట్టూ నల్లటి గీత పడుతుంది. ఎప్పుడు పట్టుకున్నా అంచులే పట్టుకోవాలి. వేలిముద్ర అప్పుడు కనబడదు, ఆరు నెలలకు కనబడుతుంది.

కొనడానికి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, గురువారం జుమ్మెరాత్ బజారు, చార్మినార్ చుట్టుపక్కల చిన్న పెట్టెలు. కాటా, అయస్కాంతం జేబులో ఉండాలి. రాముడి పట్టాభిషేకం బొమ్మతో 'ఈస్టిండియా కంపెనీ 1818' అని రాసి ఉన్నవి నాణేలే కావు, గుడి దగ్గర అమ్మే బిళ్ళలు. చార్మినార్ రూపాయి బరువు 11.1కి బాగా తక్కువైతే అరుగుదల చూడండి. అరగకుండా తక్కువుంటే పోతపోసింది, అంచు చుట్టూ సన్నని అతుకు గీత దొరుకుతుంది. 1939 తేదీతో జార్జి వెండి రూపాయి ఎవరైనా చవగ్గా ఇస్తానంటే టీ తాగి వచ్చేయండి. అది నిజంగా అరుదు, అందుకే దానికి దొంగలు ఎక్కువ.

అమ్మేవాళ్ళకు ఒక్క మాట. వైష్ణోదేవి ఐదు రూపాయల బిళ్ళకు లక్షలు వస్తాయనే వీడియోల వెనక ముందు 'రిజిస్ట్రేషన్ ఫీజు' కట్టమనే మనిషి ఉంటాడు. పాత నాణేల కొనుగోళ్ళ పేరుతో తమ పేరు వాడి ఫీజులు, కమిషన్లు అడుగుతున్నారని, తమకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. నూరేళ్ళు దాటిన నాణేన్ని దేశం బయటికి పంపడానికి చట్టం ఒప్పుకోదు, కాబట్టి విదేశం నుంచి కొంటానన్నవాడి మాట అక్కడే ఆగిపోవాలి.

డబ్బా సర్దేటప్పుడు ప్రతి కవరు మీద పెన్సిల్‌తో నాలుగు సంగతులు రాయండి: తేదీ, టంకశాల గుర్తు, బరువు, ఎవరి డబ్బాలోంచి వచ్చింది. బాల్‌పెన్ను వద్దు, సిరా అట్టలోంచి దిగుతుంది. హాలీ నాణేలకు హిజ్రీ తేదీ, పక్కనే మన తేదీ రెండూ వేయండి. గుమ్మంలో అక్షరం ఏదో కూడా రాయండి, మీమ్ అయితే మీమ్, ఐన్ అయితే ఐన్.